రెల్లు చాటు రేవు

నీళ్ళలోంచి బయటపడ్డ మనిషి ముందు ఊపిరి పీల్చుకుంటాడు. కళ్ళజోళ్ళ కొట్టాయన మాత్రం ముందు ఒడ్డుకేసి చూశాడు, ఎవరైనా చూశారేమోనని.

ఒడ్డు మీద పిట్ట కూడా లేదు. అప్పుడనుకున్నాడు, బతికానని.

మరి అంత పరువుగల మనిషి. తెడ్డు పడవల సంఘానికి అధ్యక్షుడు. సరస్సులో మోటారు పడవలు తిరగకూడదని ఏళ్ళ తరబడి గొంతు చించుకుంటున్నవాడు. ఈ పూటే సరస్సు ఆఫీసులో మీటింగు. సంఘం వాళ్ళు చేతులెత్తి తేల్చేస్తారు. తేలిందంటే మోటారు పడవలవాళ్ళు తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే.

అలాంటి రోజు పొద్దున్నే, ఆ మోటారు పడవలోనే, తడిసిన కోడిలా వణుకుతూ ఆయన.

పోనీ, తప్పు మోటారు పడవదా అంటే అదీ కాదు. అది ఎక్కడో దూరంగా నత్తనడకన వస్తోంది. కానీ సంఘానికి ఆయనే నేర్పిన పద్ధతొకటుంది. మోటారు పడవ కంటబడితే చాలు, లేచి నిలబడి, తెడ్డు ఊపి, నాలుగు తిట్టాలి. ఇవాళ తిట్లు బాగానే కుదిరాయి. మూడో తిట్టు దగ్గర పడవ తిరగబడింది. సన్న పడవ. కూర్చున్నవాణ్ణే అంతంతమాత్రంగా మోస్తుంది.

కాళ్ళకు నాచు చుట్టుకుంది. అప్పటిదాకా "ఒరేయ్" అన్న నోరే "బాబూ, బాబూ" అంది.

డ్రైవరు ఇంజను ఆపి, తాడు విసిరి, పైకి లాగాడు. సీటు కింద పొడి తువ్వాళ్ళ దొంతర ఉంది. అందులోంచి ఒకటి తీసిచ్చాడు.

"నీళ్ళు మింగారా సార్?"

"లేదు. బాబూ... నన్ను పెద్ద రేవులో మాత్రం..."

"రెల్లు చాటున దించుతాలెండి. మీరు చెప్పాలా?"

"ఎవరితోనూ..."

"అనను సార్. నాకా అలవాటు లేదు."

రెల్లు మధ్య కాలిబాట ఉంది. గడ్డి నలిగిపోయి, నేల గట్టిపడి ఉంది. ఇటు ఎవరు తిరుగుతారబ్బా అని ఆలోచించే స్థితిలో లేడాయన. తల వంచుకుని, సందులన్నీ తిరిగి, దొంగలా ఇల్లు చేరాడు.

భార్య ఎగాదిగా చూసింది. "ఏమిటీ అవతారం?"

"వాన."

"మన పెరట్లో చినుకు రాలలేదే! మీ సంఘంవాళ్ళ మీదే పడుతుందనుకుంటా, ఈ వాన."

ఆయన గబగబా పొడి చొక్కా వెతుక్కున్నాడు.

ఆఫీసు గదిలో ప్లాస్టిక్ కుర్చీల నిండా సంఘం. ముందు వరుసలో అధ్యక్షుడు. గోడవారన, నిలబడి, మోటారు పడవలవాళ్ళు. పొద్దుటి డ్రైవరూ అక్కడే ఉన్నాడు.

"మీరేమన్నా చెప్పుకుంటారా?" అని అధికారి వాళ్ళనడిగాడు.

డ్రైవరు ఒకడుగు ముందుకేశాడు. కళ్ళజోళ్ళాయన గుండె జారి చెప్పుల్లో పడింది.

"చెప్పేదేముందండీ? నీళ్ళు అందరివీ. ఆపైన వీళ్ళ దయ."

అంతే. మళ్ళీ గోడకానుకున్నాడు. ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. అన్నా బాగుండేది, తిరిగి తిట్టుకోవడానికైనా ఉండేది.

"సరే. మోటారు పడవలు ఆపేయాలన్నవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు అధికారి.

ఎత్తాలంటే, పొద్దున్న ఆ డ్రైవరు పట్టుకుని పైకి లాగిన చెయ్యే ఎత్తాలి. ఎత్తకపోతే, రేపట్నుంచి సంఘం మొహాన ఉమ్ముతుంది. అందర్నీ ఎగదోసి, తీరా సమయానికి చల్లగా జారుకున్న అధ్యక్షుడని ఊరంతా చెప్పుకుంటుంది.

ఆయన ఆ చేతిని తొడ కింద దాచుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఈపాటికి చేతులన్నీ లేచి ఉంటాయి. కళ్ళన్నీ తన మీదే ఉంటాయి.

ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినబడటం లేదు.

చివరికి తెగించి కళ్ళు తెరిచి చూస్తే, సంఘం మొత్తంలో ఒక్క చెయ్యీ లేవలేదు, ఒక్క తలా ఎత్తి లేదు, గోడవారనున్న డ్రైవరు మొహంలోకి చూసే ధైర్యం ఒక్కరికీ లేదు.