బ్రేకుల పుస్తకం

“ఇది రిపేరు పుస్తకమా, పెళ్లి ఆల్బమా?” అన్నాడు ఆర్థర్. రంగు బొమ్మలున్న ఆ పుస్తకాన్ని బల్ల మీదికి విసిరేశాడు.

రాంగోపాల్‌పేట్‌లో పాత పుస్తకాల దుకాణం అది. యజమాని సదాశివ దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి అందించాడు. ఇలాంటి వాళ్లు ఆయనకు కొత్త కాదు. కొనేది ఒకటి, తిట్టేది పది.

ఆర్థర్ బాధ మాత్రం చిన్నదేం కాదు. రెండు నెలలుగా అతని బైకు ముందు బ్రేకు సరిగా పట్టడం లేదు. నొక్కితే బండి ఆగదు, సాగుతుంది. రేపేమో కూతురు ఎలీనాకి పదో తరగతి లెక్కల పరీక్ష. సెంటరు యాప్రాల్‌లో పడింది. మౌలాలి నుంచి పొద్దున్నే ఆ రద్దీలో పిల్లని ఎక్కించుకుని వెళ్లాలి. ఆలోపు బ్రేకు బాగుపడాలి.

ఇదంతా జనవరిలో మొదలైంది. బ్రేకు ప్యాడ్లు అరిగిపోయినా పట్టించుకోకుండా తిరిగి, ఒకరోజు ఆటోని గుద్దబోయి పక్కకి పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది. ఇంటికి రాగానే తల్లి రోసమ్మ గుండెలు బాదుకుంది.

“బ్రేకంటే ఎక్కడుంటదయ్యా?” అని అడిగింది.

ఆర్థర్ వంగి చూపించలేదు. బూటు కాలితో ముందు చక్రాన్ని తన్ని చూపించాడు. “ఇదిగో, ఈ గుండ్రటి రేకు. దీన్ని ప్యాడ్లు పట్టుకుంటే బండి ఆగుద్ది, పట్టుకోకపోతే నేను పోతాను. నీకెందుకివన్నీ? పోయి ప్రార్థన చేసుకో.”

పాపం, పెద్దావిడ అలాగే తలూపి లోపలికి వెళ్లింది.

మెకానిక్ లక్ష్మణ్ కొత్త ప్యాడ్లు వేశాడు. ఒకటి రెండు రోజులకే మళ్లీ అదే కథ. మళ్లీ వేశాడు, మళ్లీ అంతే. మూడోసారి లక్ష్మణ్ తల గోక్కున్నాడు.

“ప్యాడ్లకి జిడ్డు పడుతుంది సార్. లీకేజీ చూస్తే యాడ లేదు. గిట్ల ఎందుకైతుందో నాకు సుత సమజైతలేదు.”

“నీ చేతుల జిడ్డే అది! ముందు సబ్బు కొనుక్కో, తర్వాత షెడ్డు పెట్టుకో” అన్నాడు ఆర్థర్.

ఆ రోజే తీర్మానించుకున్నాడు. బీకాం చదివినవాడికి నాలుగు నట్లు విప్పడం రాదా? ఈ వేలిముద్రగాళ్ల కాళ్లు పట్టుకోవాలా? పుస్తకం కొని తన బండిని తనే బాగుచేసుకుంటాడు.

అందుకే ఈ దుకాణం.

రెండో పుస్తకం తిరగేసి, “ఈ మోడల్ వచ్చినప్పటికి మా నాన్నకి పెళ్లే కాలేదు” అని అదీ విసిరేశాడు.

సదాశివ అడుగు అర నుంచి ఒక పల్చటి తెలుగు పుస్తకం తీశాడు. “గిది చూడుండ్రి సార్. ఎవరో పాత మెకానిక్ రాసిండు. మస్తు పనికొస్తదంటరు.”

ఆర్థర్ మొదటి పేజీ తెరిచి, దుకాణంలో అందరికీ వినపడేలా చదివాడు. “‘బ్రేకు మాటిమాటికీ పోతుంటే, స్పానరు పట్టుకునే ముందు ఇంట్లో అడగండి. బండిని ఎవరు కడుగుతున్నారు? ఎవరు తుడుస్తున్నారు? ఎవరు ముట్టుకుంటున్నారు?’ ఇది రిపేరా, పోలీసు విచారణా?”

“జెర ముందుకు చదువుండ్రి సార్...”

“తెలుగులో రాసేవాడికి డిస్క్ బ్రేకుల గురించి ఏం తెలుసయ్యా?”

చివరికి నాలుగువందల పేజీల ఇంగ్లీషు పుస్తకం అతని కళ్లబడింది. గట్టి అట్ట. ఏ బోల్టు ఎంత బిగించాలో అంకెలతో సహా పట్టికలు. ఆర్థర్ మొహం వెలిగిపోయింది. “ఇదీ పుస్తకమంటే!” సదాశివ దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు. బరువు చూసి పుస్తకం కొనేవాళ్లతోనే ఆయన దుకాణం నడుస్తోంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం ఆర్థర్ పని శ్రద్ధగానే చేశాడు. పుస్తకం ముందు పెట్టుకుని చక్రం విప్పాడు. రేకుని మిలమిల మెరిసేలా శుభ్రం చేశాడు. కొత్త ప్యాడ్లు వేసి, బ్రేకు ఆయిల్ మార్చి, చెప్పిన లెక్క ప్రకారం బిగించాడు. వీధిలో రెండు చుట్లు తిరిగి నొక్కి చూశాడు. బండి మేకు కొట్టినట్టు ఆగిపోయింది.

ఊరుకుంటాడా? అప్పటికప్పుడు లక్ష్మణ్‌కి ఫోన్ చేశాడు. “రేపట్నుంచి షెడ్డు మూసుకుని మిర్చిబజ్జీల బండి పెట్టుకో. జిడ్డు చేతులకి అదే కరెక్టు!”

అన్నం దగ్గర రోసమ్మ భయంభయంగా అంది. “పరీక్ష రోజు కదయ్యా, రేపటికి ఆటోలో పొండి.”

“నాలుగొందల పేజీలు చూసి బిగించానమ్మా. ఇంకా ఆటో ఏంటి?”

“సర్లే నాయనా. దేవుడున్నాడు.”

“దేవుడిదాకా ఎందుకు, పుస్తకం ఉందిగా!” అని నవ్వాడు.

తెల్లారింది. ఎలీనా హాల్ టికెట్టు, పెన్నులు సర్దుకుంటోంది. ఆర్థర్ ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్లాడు.

బాత్రూం తలుపు పడగానే రోసమ్మ గబగబా బయటికొచ్చి, బండి ముందు మోకరించి, పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా కొంగులోంచి తీసి, రెండు నెలలుగా కొడుకు క్షేమం కోసం రోజూ రాస్తున్నట్టే ఆ గుండ్రటి రేకుకి రెండు వైపులా రాసి, ఇవాళ మనవరాలు కూడా ఎక్కుతోంది కదా అని ఇంకో నాలుగు చుక్కలు ఎక్కువే పోసింది.