అడ్డంకులేమీ లేవు

మేనేజరు తలుపు మూసి గొంతు తగ్గించాడు.

"మన ఆఫీసులో జీతాలివ్వట్లేదని ఎవరో లేబర్ ఆఫీసుకి ఫిర్యాదు పంపారట."

గుండ్రంగా నిలబడ్డ ప్రోగ్రామర్లు బిక్కచచ్చిపోయారు. రోజూ పొద్దున్నే అలా నిలబడి, చేసిన పని చెప్పి, చివర్లో "అడ్డంకులేమీ లేవు" అనడం అక్కడి రివాజు. జీతాలు ఆగి నాలుగు నెలలైనా ఆ మాట ఒక్కరోజూ ఆగలేదు.

"ఓనరుగారు ఇవాళ ఒక మనిషిని పంపుతున్నారు. లేబర్ ఆఫీసర్నంటాడు, కార్డు కూడా చూపిస్తాడు. అంతా నాటకం. ఫిర్యాదు చేసిందెవరో పట్టుకోడానికే. మీ అన్నలాంటివాణ్ణి కాబట్టి ముందే చెబుతున్నా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఒకామె చేయి గబుక్కున ఫోను మీదికి పోయింది.

పేరు లేకుండా ఆ ఫోనులోంచి ఫిర్యాదు పంపింది ఆమే.

రావలసిన జీతం మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం కాస్తా ఊడితే? భర్త కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. ఇల్లు గడవాలంటే ఆమే దిక్కు.

మధ్యాహ్నం అద్దాల గదిలోకి ఒక్కొక్కరినే పిలిచారు. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే తిరిగొస్తున్నారు.

ఆమె వంతు వచ్చింది.

లోపల కాలరు అరిగిన చొక్కాలో ఓ పెద్దాయన. వేషం బాగానే కుదిరిందనుకుంది ఆమె.

"కూర్చోమ్మా. లేబర్ ఆఫీసు నుంచి వచ్చాను. జీతం వస్తోందా?"

"వస్తోంది సార్."

"ఒక్కరు నిజం చెప్పినా చాలు, మిగతాది నేను చూసుకుంటా. నీ పేరు బయటికి రానివ్వను."

వల విసురుతున్నాడు! ఆమెకు ముచ్చెమటలు పోశాయి.

"నాకే ఇబ్బందీ లేదు సార్. అడ్డంకులేమీ లేవు."

ఆ చివరి మాట అలవాటుకొద్దీ వచ్చేసింది.

"ఇబ్బంది లేనివాళ్లు ఇలా వణకరు తల్లీ."

ఆయన నిట్టూర్చి కాగితం ముందుకు జరిపాడు. జీతం సక్రమంగా అందుతోందని సంతకం పెట్టి, బతుకు జీవుడా అని బయటపడింది.

సాయంత్రం మెట్లు దిగుతుంటే, కింది అంతస్తులో మేనేజరు ఓనరుతో ఫోనులో మాట్లాడడం వినిపించింది.

"గండం గడిచింది సార్! ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ ఆఫీసరు ఫిర్యాదు కొట్టేసి పోయాడు. ఇక జీతాల సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు."

ఆమె గోడ పట్టుకుని మెట్టు మీదే కూలబడింది.

ఆ పెద్దాయన నిజంగానే లేబర్ ఆఫీసరు, ఆమె పిలిస్తేనే వచ్చాడు.