సంజాయిషీ

పదకొండు సంతకాలు అయిపోయాయి. పన్నెండోదాని దగ్గర పని ఆగిపోయింది.

శిక్షణ కేంద్రం హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి రావడం లేదు. టర్నర్ కోర్సు పూర్తిచేసిన పిల్లల్లో పన్నెండు మందిని ఓ పంపుల ఫ్యాక్టరీ అప్రెంటిస్‌లుగా తీసుకుంటోంది. రెండేళ్లు పని నేర్పి, భృతి ఇచ్చి, ఆ తర్వాత ఉద్యోగంలో పెట్టుకుంటారు. పద్ధెనిమిది నిండనివాళ్లకు మాత్రం సంరక్షకుల సంతకం కావాలి. ఐదింటికల్లా జాబితా పట్టుకుని వెళ్లిపోతానని ఫ్యాక్టరీ మేనేజరు ముందే చెప్పాడు.

ఆ పన్నెండో దరఖాస్తు, లేత్ మీద అందరికంటే చెయ్యి తిరిగిన అమ్మాయిది. మెషిన్ నడుస్తుంటే చప్పుడు విని, టూల్ మొద్దుబారిందని చెప్పేస్తుంది. పద్ధెనిమిదికి ఇంకా నలభై రోజులు తక్కువ. ఆమె తరఫున ఎవరూ రాలేదు.

వేదిక మీద సంక్షేమ అధికారి కూర్చున్నాడు. మంచి మాటకారి. పిల్లల్ని బళ్లో వేసి చేతులు దులుపుకుంటే సరిపోదనీ, వాళ్ల కాళ్లమీద వాళ్లు నిలబడేదాకా పెద్దల పూచీయేననీ అప్పటికే అరగంట మాట్లాడాడు. సరైన చోట గొంతు వణికించడం కూడా ఆయనకు బాగా వచ్చు.

"ఈ అమ్మాయి తాలూకు మనుషులేరీ?" అనడిగాడు.

ప్రిన్సిపాల్ లేచి నిలబడింది. మూడు ఉత్తరాలు రాశామనీ, ఒక్కదానికీ జవాబు లేదనీ చెప్పింది. ఇంకేదో చెప్పబోయి, అమ్మాయి వైపు చూసి ఆగింది. మావాళ్ల సంగతి అందరి ముందూ చెప్పకండి మేడమ్ అని ఆ పిల్ల పొద్దున్నే చేతులు పట్టుకుంది. తోటి పిల్లల దగ్గర రెండేళ్లుగా ఏవో కబుర్లు చెప్పి నెట్టుకొస్తోంది పాపం.

అధికారి అమ్మాయినే ముందుకు పిలిచాడు. ఆమె వచ్చి, గ్రీజు వదలని గోళ్లు కనబడకుండా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"నువ్వెళ్లి అడగలేదా?"

"నాలుగుసార్లు వెళ్లాను సార్. పని మీద బయటికెళ్లారన్నారు."

"లోపల ఉండే లేరనిపించుకునే బాపతన్నమాట," అన్నాడు అధికారి. ముందు వరసలో తండ్రులు నవ్వారు.

"అసలు నీ మొహం ఎప్పుడైనా చూశాడా ఆయన?"

"కిందటేడు ఒకసారి వచ్చారు సార్. స్వెటర్ ఇచ్చారు. ఫోటో దిగాం."

ఈసారి నవ్వు హాలంతా పాకింది. అమ్మాయి తల దించుకుంది. తప్పు ఎవరు చేసినా సిగ్గు మాత్రం ఇలాంటి పిల్లల వాటాకే వస్తుంది, అదేం లెక్కో. అంత అవమానంలోనూ ఆయన మంచివారే సార్, తీరిక ఉండదు, అని వెనకేసుకొచ్చింది.

ప్రిన్సిపాల్ ఇక ఉండబట్టలేక ఫైలు తీసుకుని వేదిక దగ్గరికి వెళ్లింది. ఒక్కసారి మీరిది చూడండి సార్ అంది. చూడ్డానికేముందమ్మా, సంతకం లేదు, అంతేగా అన్నాడాయన. పోనీ ఒక్క రోజు గడువు ఇప్పించమంది. ఒకరికి సడలిస్తే రేపు పది మంది అడుగుతారన్నాడు. ఆమె అయినా కదలకపోతే, మీ కేంద్రానికి కొత్త షెడ్డు మంజూరు చేసేది కూడా నేనేనమ్మా అని నవ్వుతూ గుర్తుచేశాడు. ఆమె ఫైలు చంకలో పెట్టుకుని తిరిగొచ్చి కూర్చుంది. ఇరవయ్యేళ్ల సర్వీసులో తన మీద తనకు అంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

ఐదుకి పది నిమిషాలుంది. మేనేజరు అమ్మాయి పేరు కొట్టేసి, పదమూడో పేరు పిలిచాడు. ఆ కుర్రాడి తండ్రి వచ్చి సంతకం పెట్టాడు. కొడుక్కి దారి దొరికినందుకు పొంగిపోవాల్సిన మనిషి, దొంగతనం చేసినవాడిలా ఎవరి మొహమూ చూడకుండా వెళ్లి కూర్చున్నాడు. అమ్మాయి అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

అధికారికి మాత్రం కోపం చల్లారలేదు. ఆయన నిజంగానే బాధపడ్డాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇలాంటివాళ్లను ఊరికే వదలకూడదంటూ తన గుమాస్తాను పిలిచి, అక్కడికక్కడే సంజాయిషీ నోటీసు చెప్పి రాయించాడు. మీ సంరక్షణలో ఉన్న పిల్ల చదువు గానీ బతుకు గానీ మీకు పట్టలేదు. మూడు ఉత్తరాలకు జవాబివ్వలేదు. నాలుగుసార్లు మీ గుమ్మం తొక్కితే మొహం చాటేశారు. మీ నిర్లక్ష్యం వల్ల ఆమెకు నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది. ఇందుకు మీరు సిగ్గుపడాలి. వారం రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోండి.

సిగ్గుపడాలి అన్న మాట కింద గీత గీయమన్నాడు. తండ్రులు మళ్లీ చప్పట్లు కొట్టారు.

గుమాస్తా కాగితం మడవబోతూ ఆగాడు.

"ఎవరి పేరున పంపాలి సార్?"

"ఆ మహానుభావుడి పేరునే. ఫైల్లో ఉంటుంది, తీసుకో. గట్టిగా చదువు, నలుగురూ విననీ."

అమ్మాయి వద్దన్నట్టు ప్రిన్సిపాల్ వైపు చూసింది. ప్రిన్సిపాల్ ఈసారి ఆ చూపు తప్పించుకుని, ఫైలు తెరిచి గుమాస్తా చేతికిచ్చింది. అతను కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి వెతికి, గట్టిగానే మొదలుపెట్టాడు.

"తల్లిదండ్రులు లేరు, నివాసం ప్రభుత్వ అనాథ బాలికల సదనం, సంరక్షకులు సంక్షేమ అధికారి గారు... అంటే, మీరే సార్."