ఇరవై ఏడో రిఫరెన్సు

ఇరవై ఏడో రిఫరెన్సు దగ్గర పని మళ్లీ ఆగిపోయింది.

మిగతావన్నీ పత్రిక వాళ్లు కోరినట్టే సర్దేసింది వర్ష. రచయితల ఇంటిపేర్లు ముందుకు తెచ్చింది. పత్రికల పేర్లను వాలు అక్షరాల్లోకి మార్చింది. చుక్క ఉండాల్సిన చోట చుక్క, కామా ఉండాల్సిన చోట కామా. ఇరవై ఏడు మాత్రం కొరకరాని కొయ్యగా మిగిలింది. 'కె. సునంద, ఉప్పునేలల్లో జొన్న వేళ్ల తీరు'. ఏడాది ఉంది, పత్రిక పేరుంది. సంపుటం లేదు, పేజీ నంబర్లు లేవు.

అవి పూర్తిచేసి పంపితే వ్యాసం అచ్చుకు వెళ్తుందని ఎడిటర్ మెయిల్ పెట్టాడు. వ్యాసం అచ్చయితేనే వర్ష థీసిస్ ఇవ్వగలదు.

గైడ్ మురళీమోహన్ గదికి వెళ్లి, తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"సార్, ఆ ఇరవై ఏడు తీసేద్దామా?"

"తీసేయడమేంటమ్మా? రివ్యూయర్ ఏం రాశాడో చూశావుగా. మరుగున పడ్డ మంచి పరిశోధనను వెలికి తీశారని మెచ్చుకున్నాడు. మన ముగింపంతా దాని మీదే నిలబడింది."

"ఆ పేపర్ నా దగ్గర లేదు సార్."

"నా దగ్గర ఎక్కడో ఉండాలి. చదివాను నేను. ఎంతో ఓపిగ్గా చేసిన పని అది."

"సార్, అసలు ఆ పేపర్..."

"ఆవిడ రిటైరై పటాన్‌చెరులోనే ఉంటోంది. వెళ్లి అడుగు. పెద్దవాళ్లను అడగడానికి మొహమాటం దేనికి?"

ఫోన్ మోగింది. ఆయన అటు తిరిగిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వర్ష తండ్రి సోమేశ్వర్ స్కూటర్ తీశాడు. సంగారెడ్డిలో ఆయనది విత్తనాల దుకాణం. ఆ పూట దుకాణం ఆలస్యంగా తెరవచ్చులే అనుకున్నాడు. రుద్రారం దాటాక లారీల వెనక బండి నెమ్మదించింది.

"ఒక్క లైన్ కోసం గింత దూరం పోవాల్నా బిడ్డా? అది తీసేస్తే అయిపోదా?"

"సార్ తియ్యనిస్తలేడు నాన్నా."

"నిన్నటిసంది సక్కగ తింటలేవు. ఆ మేడం ఏమన్న కోపం మనిషా?"

"తెల్వది. కోపం జేస్తే పడాలె."

"కోపమెందుకు జేస్తది? ఆమె పేరు నీ పేపర్ల రాసినవ్. ఎవరైనా సంబరపడ్తరు."

ఇస్నాపూర్ చౌరస్తాలో కాసేపు బండి ఆగితే, వెనక్కి తిప్పమందామా అనుకుంది వర్ష. అంతలోనే బండి కదిలింది.

సునందే తలుపు తీసింది. తల పూర్తిగా నెరిసింది, మనిషి మాత్రం చురుగ్గా ఉంది. లోపలికి రమ్మంది. సోమేశ్వర్ గేటు దగ్గరే ఉండిపోయాడు.

"మేడం, ముందు మీకొక మాట చెప్పాలి. మా వ్యాసంలో మీ పేరు..." అంటూ వర్ష వ్యాసం ముగింపు, రిఫరెన్సులు ఉన్న కాగితం అందించింది.

సునంద వేలు ఇరవై ఏడో నంబరు దగ్గర ఆగింది. చదివింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ చదివింది. వంటింట్లో కుక్కర్ కూత పెట్టినా లేవలేదు.

"ఇది నీకెవరు చూపించారమ్మా?"

"ఎవరూ చూపించలేదు మేడం. నేనే..."

"నువ్వే పట్టుకున్నావా?"

వర్ష సంచిలోంచి నోటు పుస్తకం బయటికి తీసింది.

"ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా పేరు ఎవరూ ఎక్కడా రాయలేదు," అంది సునంద. "మా హెడ్డు వెంకటేశ్వరరావు గారు. ఎవరేం చేసినా ఆయన పేరే ముందుండేది. ఇదొక్కటే నాది."

"మేడం, నేను చెప్పేదేంటంటే..."

"భానూర్ దగ్గర ఒక రైతు చేలో తవ్వించాం. ఎండలు మండిపోతున్నాయి. గడ్డపార దిగేది కాదు. వేళ్లు తెగకుండా మట్టిని నీళ్లతో కడగాలి. తీరా చూస్తే, లోపలికి దిగాల్సిన వేళ్లన్నీ పక్కకి పాకి ఉన్నాయి. అచ్చం నువ్వు రాసినట్టే."

వర్ష ఏదో అనబోయింది. ఆవిడ ముఖం చూసి ఆగిపోయింది.

"పేజీ నంబర్లే కదూ కావాలి? నా కాపీ చెదలు తినేసింది. ఆ పత్రిక కూడా ఎప్పుడో మూతపడింది. అయినా మర్చిపోతానా? రాసుకో. పన్నెండో సంపుటం. నలభై ఒకటి నుంచి యాభై మూడు దాకా."

వర్ష రాసుకుంది.

సునంద గేటు దాకా వచ్చి సాగనంపింది. "అచ్చయ్యాక ఒక కాపీ పంపమ్మా. మా కోడలికి చూపించాలి. నేనేదో గుమాస్తా పని చేశాననుకుంటోంది."

స్కూటర్ మలుపు తిరిగాక సోమేశ్వర్ అడిగాడు.

"ఏమాయె? కోపం జేసిందా?"

"లే నాన్నా. మంచిగ మాట్లాడింది."

"నే జెప్పలే? మరి నంబర్లు దొరికినయా?"

"దొరికినయ్."

ఇంటికి రాగానే వర్ష ఫైలు తెరిచి నంబర్లు ఎక్కించింది. ఒకసారి చూడమని గైడుకు పంపింది. వెంటనే జవాబొచ్చింది: 'కరెక్టే. పేజీలు నాకూ లీలగా గుర్తున్నాయి.'

ముగింపుకు ఆధారమేదీ దొరక్క, పాత సెమినార్ కరపత్రంలో కనబడ్డ ఒక పేరు తగిలించి, ఆ పేపరును మొన్న వేసవిలో శీర్షికతో సహా కల్పించింది వర్షే.