అక్క అడిగిన కుండీ

“ఆ సంచీ కింద పెట్టండి బావా! అసలు మీకు చేతులెలా వచ్చాయి?”

లిఫ్ట్ తలుపు పూర్తిగా తెరుచుకోకముందే చిట్టి అరిచింది.

మూడో అంతస్తు వరండాలో అక్క మొక్కలన్నీ కుప్పగా పడి ఉన్నాయి. మనీప్లాంట్ తీగను బావ పాత తాడులా చుట్టి పడేశాడు. ఫెర్న్ కుండీ పగిలి వేళ్లు బయటికొచ్చాయి. బావ చేతులకు గ్లవుజులు, మూతికి గుడ్డ. చచ్చిన ఎలుకను పారేస్తున్నట్టు ఒక్కో మొక్కనూ కాడ పట్టుకుని చెత్తసంచిలో వేస్తున్నాడు.

అక్క పోయి పదహారు రోజులు.

“నువ్వెందుకొచ్చావు చిట్టీ?”

“వీటి కోసమే. మీరు నీళ్లు పొయ్యరని తెలుసు. అన్నీ నేను తీసుకెళ్తాను.”

“వీల్లేదు. ఇందులో ఒక్కటి కూడా ఎవరింటికీ వెళ్లదు.”

చిట్టికి ఒళ్లు మండిపోయింది. తడిగుడ్డతో ఆకాకూ తుడుస్తూ పెంచింది అక్క. వాటికి పేర్లు కూడా పెట్టింది. నెల్లాళ్లు నీళ్లు పొయ్యకపోయినా ఉలకని స్నేక్ ప్లాంట్ ‘బద్ధకిష్టి’. ఒక్కపూట ఆలస్యమైతే ఆకులన్నీ వేలాడేసే పీస్ లిల్లీ ‘ఏడుపుగొట్టు’. ఆ ఏడుపుగొట్టు ఇప్పుడు సంచిలో తలకిందులుగా ఉంది.

“మీకు మొదట్నుంచీ వీటిమీద కడుపుమంటే. అక్క ఆసుపత్రి నుంచి రాగానే గదిలోవన్నీ బాల్కనీలోకి గెంటారు. బోసిగోడలు చూస్తూ పడి ఉండమని! మీకు మొక్కలంటే పడదని, అదను చూసి బయట పెట్టించారని అక్కే చెప్పుకుని ఏడ్చింది.”

“అలా అందా?” బావ తలెత్తాడు.

“అంది. మీరు కట్టుకున్న మొగుడే కావచ్చు. తన మనసు తెలిసింది మాత్రం నాకు. ఒకరోజు మీరు బడికెళ్లాక నాకు ఫోన్ చేసింది. ‘ఇక ఆ సూదులు నావల్ల కావడం లేదే. పచ్చగా ఏదన్నా చూస్తూ పడుకుంటాను, ఒక్క కుండీ తెచ్చిపెట్టవే. మీ బావకి చెప్పకు’ అని బతిమాలింది. తెచ్చాను. అరచేతిలో పట్టేంత కుండీ. తలవైపు కిటికీలో పెట్టాను. మీరొచ్చే వేళకి పరదా లాగేసేది.”

బావ చేతిలోని సంచి జారిపోయింది.

“ఎప్పుడు?”

“పోవడానికి నెల ముందు. ఆ నెలా తన ముఖంలో ఎంత కళ వచ్చిందో మీకేం తెలుసు? నేను వెళ్లినప్పుడల్లా చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు కుండీ ఒళ్లో పెట్టుకునేది. వేళ్లతో మట్టి గుల్ల చేసేది. గుప్పెడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా పీల్చేది. ‘ఎంత హాయిగా ఉందే’ అనేది. మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు, మీ కంట పడకుండా పట్టుకుపొమ్మంటే పట్టుకుపోయాను. ఆ చిన్న ముచ్చట కూడా తీర్చలేకపోయారు మీరు!”

బావ గోడకు జారగిలబడి అలాగే మెట్టు మీద కూలబడ్డాడు. మూతిగుడ్డ కిందికి లాగాడు. లెక్కల మాస్టారు, మాటలు పొదుపు. ఆ కాసిని మాటలకూ ఊపిరి చాలనట్టుంది.

“పదహారు రోజులుగా, నేనే చంపాననుకుంటున్నాను.”

“ఏమిటి మీరనేది?”

“రక్తంలో జబ్బు లొంగుతోందన్నారు చిట్టీ. ఇంకో ఏడాది సూదులు పడితే చాలన్నారు. తనని తీసుకెళ్లింది ఆ జబ్బు కాదు. ఊపిరితిత్తుల్లో బూజు. కుండీల మట్టిలో ఉంటుందట. మనలాంటివాళ్లని ఏమీ చెయ్యదు. ఆ మందులు వాడేవాళ్ల ఒంట్లో అడ్డుకునే శక్తి ఉండదు. మట్టి దుమ్ము పీల్చినా ప్రమాదమే. అందుకే మొక్కలన్నీ బయట పెట్టించాడు డాక్టర్. బట్టలు ఆరెయ్యడానికి నేను బాల్కనీ తలుపు తీసేవాణ్ణి. ఆ సందులోంచే వచ్చిందేమో, ఆ రోజే వీటిని పారేసి ఉంటే బతికేదేమో అని...”

చిట్టి రెయిలింగ్ పట్టుకుంది.

“గుప్పెడు...” అంది. “గుప్పెడు తీసి పీల్చేది బావా. నేను ఎదురుగా కూర్చుని నవ్వాను.”

ఓదార్చడానికి బావ చెయ్యి చాచాడు. గ్లవుజు నిండా మట్టి ఉండడం చూసి వెనక్కి తీసుకున్నాడు.

చిట్టి దుఃఖం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు.

“మాస్కు పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. చేతులు కడుక్కోమన్నారు, తోలు ఊడేదాకా కడుక్కున్నాను. ఈ మట్టి సంగతి పనిమనిషికి చెప్పారా?”

“చెప్పాను.”

“పక్కింటావిడకి?”

“చెప్పాను.”

“మరి నాకో? నేనేం పరాయిదాన్నా? ఒక్క ముక్క చెబితే ఆ కుండీని ఈ గుమ్మం తొక్కనిచ్చేదాన్నా? నా చేత్తో నేనే అక్కని... ఎందుకు చెప్పలేదు బావా?”

బావ, చెబుతుంటేనే తనకూ అర్థమవుతున్నట్టు, ఒక్కో మాటా తడుముకుంటూ అన్నాడు.

“డాక్టర్ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. నీకు చెబుదామని అక్కడే ఫోను తీశాను. లాగేసుకుంది. ‘అది పిరికిది, బెంగపెట్టుకుంటుంది. అందరికీ చెప్పండి, చిట్టికి మాత్రం చెప్పకండి’ అని నాచేత ఒట్టు వేయించుకుంది... మీ అక్క.”