ఎదురింటి మీది గురుడు

"ఏం చూశావు? ముందది చెప్పు!"

డాబా మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చిన ఎదురింటాయన, ఆ మాట అంటూనే స్టాండు మీదున్న కెమెరాను ఒడిసి పట్టుకున్నాడు. ఫోటోగ్రాఫర్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. వచ్చినవాడు ఆరడుగుల పైమాటే. ఫోటోగ్రాఫర్ సంగతంటారా, గట్టిగా గాలి వీస్తే స్టాండుతో సహా ఎగిరిపోయే రకం.

"గురుణ్ణి చూస్తున్నానండీ."

"ఎవడు వాడు?"

"మనిషి కాదండీ, గ్రహం. గురుగ్రహం. అదిగో, ఇప్పుడే మీ మేడ మీదుగా పైకి వస్తోంది."

ఎదురింటాయన అటు తిరిగి చూడనైనా లేదు. "బారెడు గొట్టం మా కిటికీకేసి గురిపెట్టి, గ్రహాలని నా చెవిలో పువ్వులు పెడతావా?"

"అయ్యో, లేదండీ. ఇదేం పెద్ద దుర్బీను కాదు, మామూలు కెమెరాకి తగిలించిన లెన్సు. చీకటి ఆకాశంలో దీనికి ఏదీ ఒక పట్టాన చిక్కదు. ముందు దూరంగా ఉన్న దీపమేదైనా చూసుకుని ఫోకస్ కుదుర్చుకోవాలి. తర్వాత పైకెత్తి, గ్రహం మీద వెంట్రుకవాసి అటూ ఇటూ సర్దుకోవాలి. మీ వంటింటి దీపం తిన్నగా ఎదురుగా ఉంది కదా అని..."

చెప్పింది అక్షరాలా నిజమే. కానీ చెప్పాక గాని తెలిసిరాలేదు, ఎంత అడ్డంగా దొరికిపోయాడో.

"అంటే రోజూ మా వంటింట్లోకే చూస్తున్నావన్నమాట."

ఫోటోగ్రాఫర్ బళ్ళలో పిల్లల గ్రూపు ఫోటోలు తీసి బతికేవాడు. పరాయి ఇళ్ళ కిటికీల్లోకి తొంగిచూస్తాడట అని ఒక్క మాట పుడితే చాలు, ఇక ఏ బడి గేటూ అతనికి తెరుచుకోదు. అది తలుచుకోగానే భయం వేసింది.

"కావాలంటే మీరే చూసుకోండి" అని కెమెరా వెనకున్న తెర వెలిగించాడు.

ఎదురింటాయన బొమ్మలన్నీ ఒకటొకటిగా తిప్పాడు. అంతా నలుపు. మధ్యలో శనగగింజంత తెల్లటి గుండ్రం. దాని పక్కన వరసగా చిన్న చిన్న చుక్కలు.

"ఈ చుక్కలేంటి?"

"దాని చందమామలండీ."

"మనుషులేరీ?"

"మనుషులు లేరండీ. ఒట్టు."

ఒక బొమ్మ దగ్గర ఎదురింటాయన వేలు ఆగిపోయింది. పసుప్పచ్చటి కిటికీ, లోపల మసకమసగ్గా దీపం. తెరను ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. చల్లటి సాయంత్రం పూట అతని నుదుటి మీద చెమట పట్టింది. కోపం తలకెక్కితే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు ఫోటోగ్రాఫర్.

"ఇందులో ఇంకేం కనిపిస్తుంది?"

"దీపమేనండీ. ఫోకస్ కోసం తీసింది, పారేసేదే."

"వీడియోలు? ఎక్కడ దాచావు?"

"గ్రహాలకి వీడియో ఎందుకండీ, అవేమన్నా డాన్సు చేస్తాయా?"

భయంలో నోరు జారింది. ఎదురింటాయన కెమెరాలోంచి కార్డు ఊడపీకి జేబులో వేసుకున్నాడు. "రేపట్నుంచి ఈ గొట్టం నా కంటబడిందో, నువ్వెళ్ళే బళ్ళన్నింటికీ నేనే వెళ్ళి చెప్తా, నువ్వెలాంటి మనిషివో!"

అతను దిగి వెళ్ళిపోయాక ఫోటోగ్రాఫర్ భార్య పైకి వచ్చింది. అరుపులు ఆమెకి కింద దాకా వినిపించాయి.

"ఆకాశమంత ఆకాశం ఉంటే ఆ గురుడికి వాళ్ళ మేడే దొరికిందా, పైకి రావడానికి?" అంది. "నాలుగు చుక్కల కోసం మన కూట్లో మనమే మన్ను పోసుకుంటామా? తీసి లోపల పెట్టండి."

మర్నాడు సాయంత్రం అతను డాబా ఎక్కలేదు. కెమెరాను బీరువాలో బట్టల కింద దాచాడు. కిటికీ తెరలన్నీ లాగేశాడు. మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా లేచి వెళ్ళి తలుపు గడియ చూసుకొచ్చాడు.

ఇంతలో బెల్లు మోగింది.

భార్య తలుపుకున్న చిల్లులోంచి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "ఆయన కాదు. ఆయన భార్య."

ఫోటోగ్రాఫర్ కుర్చీలో కూలబడ్డాడు. మొగుడొచ్చి అరిస్తే తగాదా అనుకుంటారు. ఆడమనిషే వచ్చి నిలదీస్తే ఇక అడిగేదేముంది, వీధి వీధంతా నమ్మేస్తుంది. అయినా తలుపు తీయక తప్పలేదు.

ఆవిడ గుమ్మం దాటి లోపలికి రాలేదు. మెట్ల వైపే చూస్తూ నిలబడింది.

"సాయంత్రం మీ డాబా మీద కెమెరా లేదు" అంది.

"లేదమ్మా, తీసేశాను!" ఫోటోగ్రాఫర్ భార్య వెనక నుంచే రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోయింది. నా కంటికి మీ దీపం తప్ప ఇంకేం కనబడలేదు, నమ్మండి. ఇక జన్మలో మీ ఇంటివైపు తిప్పను. బళ్ళలో మాత్రం చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను."

"మెల్లగా మాట్లాడండి. మందుల షాపుకని చెప్పి వచ్చాను."

"మరి మీరు..."

ఆవిడ గబగబా చెప్పేసింది. "మళ్ళీ పెట్టండన్నయ్యా, మీకు పుణ్యముంటుంది. మీ కెమెరా మా వైపు తిరిగి ఉన్నన్నాళ్ళూ ఆయన నన్ను కొట్టలేదు."