మోచేతి వంపు

"చెప్పు ఇస్మాయిల్, చాచి కట్టాలా, వంచి కట్టాలా?"

డాక్టర్ ఆ మాట అడగడం ఇది రెండోసారి. గద్వాల దవాఖానలో మంచం మీద కూర్చున్న ఇస్మాయిల్ తన ఎడమ మోచేతిని చూసుకున్నాడు. చీము పోయింది, జ్వరం పోయింది, ప్రాణం దక్కింది. కీలు మాత్రం పాడైపోయింది. ఇక అది బిగుసుకుపోవాల్సిందే. ఇప్పుడు పిండికట్టులో ఎట్లా పెడితే జన్మంతా అట్లాగే ఉండిపోతుంది.

"చాచే కట్టుండ్రి సాబ్," అన్నాడు అతని అన్న రజాక్. "మేము దూదేకులోళ్ళం. ఎడమ చెయ్యి చాచి విల్లు పడితేనే కుడిచేత్తోని దూది ఏకుతం. వంగిన చెయ్యితోని వీడు బతికేదెట్ల?"

రజాక్ అన్నదాంట్లో తప్పేముంది? విల్లు భుజాన వేసుకుని ధరూరు దిక్కు ఊళ్ళన్నీ తిరిగి, పరుపులకూ బొంతలకూ దూది ఏకితేనే ఇస్మాయిల్ ఇంట్లో పొయ్యి వెలిగేది.

అసలీ పీడంతా బొటనవేలి మీద లేచిన సెగగడ్డతో మొదలైంది. అది మానిందో లేదో, మోచెయ్యి బూరెలా పొంగింది. ఇంకేముంది, వాడకట్టులో అందరూ వైద్యులే! వాతమన్నారు. ఆముదపాకు వేడిచేసి కట్టారు. నూనె రాసి పిడికిళ్ళతో తోమారు. అయ్యో, ఆ తోముడుకు ఇస్మాయిల్ పెట్టిన కేకలు పగవాడు కూడా వినలేడు.

అది వాతం కాదని మొదట అనుమానపడింది అతని భార్య చాంద్‌బీ. రెండు మోచేతుల మీదా అరచెయ్యి మార్చి మార్చి పెట్టి చూసింది.

"ఇది సల్లగున్నది, ఇది పెనం లెక్క కాలుతున్నది. వాతం గిట్ల కాలుతదా? నా మాటిను, దవాఖానకు పోదాం పా," అని ఏడ్చి మొత్తుకుని ఎడ్లబండి కట్టించింది.

డాక్టర్ చెయ్యి కొంచెం కదిలించబోతే ఇస్మాయిల్ గావుకేక పెట్టాడు. "ఒక్క కీలే ఇట్లా ఎర్రగా ఉబ్బి, ఇంత జ్వరం వచ్చిందంటే వాతం కాదు. లోపల చీము పట్టింది," అన్నాడు డాక్టర్. లావుపాటి సూది కీలులోకి దించి వెనక్కి లాగాడు. చాంద్‌బీ ముసుగు గడ్డం దాకా లాక్కుని మంచం తలాపున నిలబడి ఉంది.

"ఏమొచ్చింది?" అని అడిగింది.

"చీమే. గంజి లెక్క చిక్కగున్నది," అన్నాడు రజాక్.

"జర ముందొస్తే కీలు కూడా దక్కేది," అన్నాడు డాక్టర్. కోసి చీమంతా తీశాడు. కొత్తగా వచ్చిన తెల్ల గోలీలేవో వేళకు మింగించాడు. అమ్మయ్య, గండం గడిచిందని అందరూ అనుకునేలోపే ఇదిగో, ఈ ప్రశ్న వచ్చి పడింది.

ఇస్మాయిల్ మనసు అక్కడ లేదు. నిఖా అయిన మర్నాడు పాన్‌గల్‌లో అత్తగారింటి నుంచి బయల్దేరిన పొద్దు గుర్తొచ్చింది. గడప దాటగానే చాంద్‌బీ అతని ఎడమ మోచేతి వంపులో చెయ్యి వేసింది. వెనక ఎవడో కుర్రకుంక ఈల వేశాడు. సిగ్గుతో చచ్చిపోయిన ఇస్మాయిల్ ఏదో ఒకటి మాట్లాడాలని నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టాడు. "జొన్నచేను పొట్టకొచ్చింది. కాపలాపిల్ల వడిసెల తిప్పుతున్నది. కొంగలు తెల్లగ బారుకు బారు పోతున్నయి." ఆ వాగుడు అలవాటైపోయింది. సంతకైనా, దర్గా ఉర్సుకైనా, వాగు దాటినా, గుట్ట ఎక్కినా ఆమె చెయ్యి అక్కడే ఉండేది, అతని నోరు నడుస్తూనే ఉండేది. ఎంత మంచి రోజులవి!

"వంచే కట్టుండ్రి," అన్నాడు.

"నీకు పిచ్చి గిట్ల లేసిందారా తమ్మీ?" రజాక్ మండిపడ్డాడు. "విల్లెట్ల పడ్తవు?"

"ఇంట్ల దూలానికి వేలాడగట్టుకుంట. ఇంటికొచ్చిన దూదే ఏకుత."

"ఇంటికెంతొస్తది? సగం కడుపు మాడ్చుకుంటవా?"

"మాడ్చుకుంట అన్నా."

చాంద్‌బీ అడ్డుపడింది. "నా ఫికర్ పెట్టుకోకు. పని ముఖ్యం. చాచే కట్టించుకో."

"నువ్వు ఊకో," అన్నాడు ఇస్మాయిల్, కోపంగా కాదు. "జర ఇట్లరా. ఎప్పటి లెక్క చెయ్యేయి."

ఆమె మంచం పట్టెను తడుముకుంటూ వచ్చి ఎడమ పక్కన నిలబడి, నొప్పి పుట్టకుండా మెల్లగా అతని మోచేతి వంపులో చెయ్యి ఆనించింది.

"ఇంత వంపు సాలు సాబ్. గిట్లనే కట్టుండ్రి."

డాక్టర్‌కు నవ్వొచ్చింది. "ఏమయ్యా, మొన్ననే పెళ్ళయినోని లెక్క చేస్తున్నవు! భార్య చెయ్యి పట్టుకొని షికార్లు తిరగడానికి బతుకుదెరువు పాడుచేసుకుంటవా?"

ఇస్మాయిల్ తల దించుకున్నాడు. రజాక్ కిటికీ వైపు తిరిగి రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. వద్దు వద్దని చాంద్‌బీ తల అడ్డంగా ఊపుతుంటే ముసుగు భుజాల మీదికి జారింది. డాక్టర్ ఆమె ముఖాన్ని చూడడం అదే మొదటిసారి. నవ్వు ఆపేశాడు. కంపౌండర్ వైపు తిరిగి, "పిండి కలుపు. అట్లాగే కడదాం," అన్నాడు.

చాంద్‌బీకి పుట్టుకతోనే చూపు లేదు.